పేపర్లు ఎక్కడ వెతకాలి? స్కాలర్, పబ్‌మెడ్, జేస్టోర్, శోధ్‌గంగల్లో ఏది ఎవరికి

"సార్, గూగుల్ స్కాలర్ మొత్తం వెతికాను. నా టాపిక్ మీద అసలు పేపర్లే లేవు."

తిరుపతిలో ఒక లైబ్రరీలో, కంప్యూటర్ల వరుస పక్కనే నా టేబుల్. ఈ మాట వారానికి నాలుగైదు సార్లు వింటాను. మొన్న అన్న అమ్మాయిది ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఎర్రచందనం విత్తనాలు సరిగా ఎందుకు మొలకెత్తవు అన్నది టాపిక్. సోమవారం లోపల పది పేపర్లు చదివి రమ్మన్నారట గైడ్. లేచి వెళ్లి స్క్రీన్ చూశాను. 'రెడ్ శాండిల్ శేషాచలం సీడ్ ప్రాబ్లమ్' అని టైప్ చేసి ఉంది. వచ్చినవాటిలో కొన్ని స్మగ్లింగ్ గురించి, కొన్ని మామూలు గంధపు చెట్టు గురించి.

"ఈ చెట్టు శాస్త్రీయ నామం ఏమ్మా?"

"టెరోకార్పస్ శాంటలైనస్ సార్."

"అది కొట్టు. పక్కన జెర్మినేషన్ అని చేర్చు."

పేజీ నిండింది. నర్సరీలో విత్తనాలను ఎలా నానబెట్టాలి, కాయ పైపొర ఎందుకు అడ్డం వస్తుంది అనే పేపర్లు ఒక్కొక్కటే కనిపించాయి. మొహంలో టెన్షన్ తగ్గింది కానీ వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. "ఇదొక్కటి చాలా సార్? మా సీనియర్ స్కోపస్ చూడమంటుంది. మా మేడమ్ శోధ్‌గంగ చూశావా అంటారు. ఏది పట్టుకోవాలి?"

నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను. ఇందులో వెతికే మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి, మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు స్పెల్లింగుతో టైప్ చేయాలి.

## ఏం చూసి ఎంచుకోవాలి

ఏ డేటాబేస్ గొప్పది అని అడిగితే ఎవరికి వాళ్లు అలవాటైనదాని పేరు చెబుతారు. దానికన్నా కొన్ని సంగతులు మీకు మీరే తేల్చుకుంటే ఎంపిక దానంతటదే జరుగుతుంది.

మొదటిది సబ్జెక్టు. వైద్యానికి బంగారం లాంటి పబ్‌మెడ్‌లో తాళ్లపాక కవుల గురించి వెతికితే ఏమీ రాదు. అందులో లోపమేమీ లేదు, అది వాళ్ల పని కాదు, అంతే.

రెండోది, అక్కడ పేపర్ మొత్తం ఉంటుందా, పేపర్ గురించిన వివరాలు మాత్రమే ఉంటాయా అన్నది. చాలామంది తడబడేది ఇక్కడే. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, పబ్‌మెడ్ ప్రధానంగా సూచికలు. శీర్షిక, రచయితలు, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం), ఏ పత్రికలో వచ్చిందో చూపిస్తాయి. అసలు పేపర్ పబ్లిషర్ దగ్గర ఉంటుంది. జేస్టోర్, శోధ్‌గంగ అలా కాదు, అక్కడ ఫుల్ టెక్స్టే ఉంటుంది.

మూడోది మీ లాగిన్. ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థికీ, ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్‌కూ, ఏ సంస్థలోనూ లేని మనిషికీ తెరుచుకునే తలుపులు వేర్వేరు.

నాలుగోది, వెతుకులాట మీద మీకు ఎంత పట్టు కావాలన్నది. అసైన్‌మెంటుకైతే మంచివి పది దొరికితే చాలు. సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి తేల్చి చెప్పే పేపర్, రాసేవాళ్లు ఈరోజు ఏ మాటలతో వెతికారో రాసిపెట్టుకుని, ఆరు నెలల తర్వాత ఇంకొకరు అదే వెతుకులాట మళ్లీ చేయగలిగేలా చూపించాలి.

ఇక చివరిది, మన దగ్గర చాలామంది మరిచిపోయేది: మన ప్రాంతం గురించిన పని అందులో ఉంటుందా? చిత్తూరు మామిడి మీద, పుంగనూరు ఆవుల మీద, శ్రీకాళహస్తి కలంకారీ మీద జరిగిన పని చాలావరకు థీసిస్‌ల్లోనే ఉండిపోయింది. విదేశీ సూచికల్లో అది కనపడదు.

| ఎక్కడ | ఏముంటుంది | ఫుల్ టెక్స్ట్ | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| గూగుల్ స్కాలర్ | అన్ని సబ్జెక్టులు: పేపర్లు, థీసిస్‌లు, పుస్తకాలు | ఉచితంగా ఉన్నచోటికి లింకు | లేదు | మొదలుపెట్టే ఎవరికైనా |
| పబ్‌మెడ్ | వైద్యం, జీవశాస్త్రాలు | కొన్నింటికి | లేదు | వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, కొంత వెటర్నరీ |
| స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ | ఎంపిక చేసిన పత్రికల సూచిక | ఉండదు, లింకు మాత్రమే | సంస్థ చందా కట్టాలి | పీహెచ్‌డీ, రివ్యూ రాసేవాళ్లు |
| జేస్టోర్ | చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాలు, పాత పత్రికలు | ఉంటుంది | సొంత ఖాతాతో నెలకు 100 ఉచితం | ఆర్ట్స్ వాళ్లు |
| శోధ్‌గంగ | భారతీయ యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు | ఉంటుంది | లేదు | ప్రాంతీయ అంశం ఉన్న అందరూ |
| కృషికోశ్ | వ్యవసాయ, పశువైద్య థీసిస్‌లు, నివేదికలు | చాలావాటికి | లేదు | వ్యవసాయం, వెటర్నరీ |

## డేటాబేస్ కన్నా ముందు పేర్లు

పట్టిక చూసి ఒకటి ఎంచుకుని పరిగెత్తకండి. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒక్కటే. పేపర్లు దొరకని సందర్భాల్లో ఎక్కువసార్లు డేటాబేస్ సరైనదే, మన దగ్గరున్న పేరే సరైంది కాదు.

నా సంగతే చెబుతాను. చదువుకునే రోజుల్లో చిత్తూరు భూగర్భ జలాల మీద పేపర్లు పోగేశాను. రెండు వారాలు కష్టపడి ఫైలు నింపాక చదవడం మొదలుపెడితే, అందులో మూడోవంతు కేరళలో పాలక్కాడ్ జిల్లా చిత్తూరువి. స్పెల్లింగులో రెండు 'ఓ'లకు బదులు ఒక 'యూ' ఉంది, నేను గమనించలేదు. ఇంకో రెండు రాజస్థాన్ చిత్తోడ్‌గఢ్‌వి. అప్పటి నుంచి ఊరి పేరు ఒక్కటే ఎప్పుడూ కొట్టను. పక్కన 'ఆంధ్రప్రదేశ్' చేరుస్తాను, లేదా 'పాలక్కాడ్' ముందు మైనస్ గుర్తు పెట్టి తీసేస్తాను.

తిరుపతి పేరుతోనూ ఇదే తంటా. చివరి 'టీ' తర్వాత 'హెచ్' పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. ఇంగ్లీషు దొరల కాలపు రికార్డుల్లోనైతే 'ట్రిపెట్టి' అని ఉంటుంది. ఆ స్పెల్లింగు తెలియకుండా 19వ శతాబ్దపు ఆలయ నిర్వహణ గురించి వెతికితే సగం పోగొట్టుకున్నట్టే.

జిల్లాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అందులో గూడూరు, సూళ్లూరుపేట వైపు భాగం అప్పటిదాకా నెల్లూరు జిల్లాది. కాబట్టి 'తిరుపతి డిస్ట్రిక్ట్' అని వెతికితే 2022 తర్వాతి పనే వస్తుంది. 2015లో శ్రీకాళహస్తి మండలం మీద చేసిన సర్వే కావాలంటే చిత్తూరు జిల్లా పేరుతో, 1905 నాటి చంద్రగిరి సమాచారం కావాలంటే ఉత్తర ఆర్కాటు పేరుతో వెతకాలి.

పంటలకు, చెట్లకు, జబ్బులకు కూడా అంతే. మనం వేరుశనగ అంటాం, ఇండియా పేపర్లలో గ్రౌండ్‌నట్, అమెరికా పేపర్లలో పీనట్, శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా. మన గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే కాయను రైతులు బెంగుళూరా అంటారు, పేపర్లలో అది తోతాపురి. కలంకారీని కొందరు 'కే'తో, కొందరు 'క్యూ'తో రాస్తారు. అన్నమయ్య అని కొట్టి ఊరుకుంటే అన్నమాచార్య అని రాసినవాళ్లందరూ పోతారు. అన్నమాచార్య అని రాసినవాళ్లలోనూ 'సీ' తర్వాత 'హెచ్' పెట్టినవాళ్లు, పెట్టకుండా అక్షరాల మీద గీతలు పెట్టినవాళ్లు ఉంటారు.

అందుకే కంప్యూటర్ ముందు కూర్చునేముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ ప్రశ్నలో ముఖ్యమైన మాటలు రెండో మూడో ఉంటాయి. ఒక్కోదాని కింద దానికున్న పేర్లన్నీ రాయండి. ఒకే నిలువు వరుసలోని పేర్ల మధ్య 'ఆర్' పెట్టి మొత్తాన్ని బ్రాకెట్లో బిగించండి. ఒక బ్రాకెట్‌కూ ఇంకో బ్రాకెట్‌కూ మధ్య 'ఆండ్' పెట్టండి. రెండు మూడు పదాలు కలిసి ఒకే మాటైతే కోట్స్‌లో ఉంచండి. ఎర్రచందనం అమ్మాయికి తయారైన వరుస ఇది:

("టెరోకార్పస్ శాంటలైనస్" ఆర్ "రెడ్ శాండర్స్" ఆర్ "రెడ్ శాండల్‌వుడ్") ఆండ్ (జెర్మినేషన్ ఆర్ డార్మెన్సీ)

ఆండ్, ఆర్ రెండూ పెద్ద అక్షరాల్లోనే కొట్టండి. బ్రాకెట్లు మాత్రం వదలొద్దు. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరుసగా లెక్క వేసుకుంటూ పోతుంది, బ్రాకెట్ లేకపోతే అర్థమే మారిపోతుంది.

## గూగుల్ స్కాలర్: అందరి గుమ్మం

2004 నవంబరులో వచ్చింది. అన్ని సబ్జెక్టులూ ఉంటాయి, డబ్బు అడగదు, ఫోన్లోనూ పనిచేస్తుంది. పేపర్ లోపలి మాటలను కూడా వెతుకుతుంది కాబట్టి, శీర్షికలో లేని 'పలమనేరు' ఎక్కడో ఒక పట్టికలో ఉన్నా పట్టుకొస్తుంది. మన ప్రాంతం గురించి వెతికేవాళ్లకు ఇది పెద్ద సాయం.

ప్రతి ఫలితం కింద చిన్న అక్షరాల్లో ఉండే లింకులే దాని అసలు బలం. 'సైటెడ్ బై' నొక్కితే ఈ పేపర్‌ను తర్వాత ఎవరెవరు ఉదహరించారో వస్తుంది. 1998 నాటి ఒక మంచి పేపర్ దొరికిందనుకోండి, ఆ దారి పట్టుకుని ఈ ఏడాది దాకా నడిచి రావచ్చు. 'ఆల్ వెర్షన్స్' నొక్కితే అదే పేపర్ ఇంకెక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. ఒక కుర్రాడు ఒక పబ్లిషర్ సైటులో మూడు వేలకు పైగా కట్టి పేపర్ కొని, తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఆల్ వెర్షన్స్ కింద రచయిత తన యూనివర్సిటీ పేజీలో పెట్టుకున్న ప్రతి ఉంది, ఉచితంగా. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడికి మూడు వేలంటే చిన్న మాట కాదు. ముందే అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి. సెట్టింగ్స్‌లో 'లైబ్రరీ లింక్స్' అని ఉంటుంది. అక్కడ మీ యూనివర్సిటీ పేరు వెతికి, ఉంటే టిక్ పెట్టుకోండి. మీ సంస్థ చందాలో ఉన్న పేపర్ల పక్కన లింకు కనిపిస్తుంది.

ఇక ఇబ్బందులు. ఎన్ని లక్షల ఫలితాలున్నాయని చూపించినా మొదటి వెయ్యి తర్వాత చూడనివ్వదు. తేదీ ప్రకారం వరుస మారిస్తే గత ఏడాది కాలంలో చేరినవే చూపిస్తుంది, పాతవి లేవేమో అని కంగారు పడొద్దు. ఎడమ పక్కన సంవత్సరాల పరిమితి పెట్టుకోవడం మేలు. ఏ పత్రికనైనా లోపలికి రానిస్తుంది, డబ్బు కట్టించుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు కూడా అందులో కలిసిపోయి ఉంటాయి. నమ్మదగిన పత్రికల పేర్లుండే యూజీసీ కేర్ జాబితా 2025లో ఆగిపోయాక పత్రిక మంచీ చెడూ తేల్చుకునే బాధ్యత చదివేవాళ్ల మీదే ఎక్కువగా పడింది. ఓపెన్ యాక్సెస్ పత్రికైతే, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగేదైతే, అలాంటి పత్రికలను పరిశీలించి చేర్చే డీఓఏజే జాబితాలో ఉందేమో చూడండి. ఎడిటర్ల పేర్లు నిజంగా ఆ సంస్థల పేజీల్లో ఉన్నాయేమో చూడండి.

సిస్టమాటిక్ రివ్యూకు స్కాలర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. ఫలితాల వరుస ఎలా వస్తుందో మన చేతిలో ఉండదు, మళ్లీ చేస్తే అదే రాదు.

## పబ్‌మెడ్: తీరిగ్గా నేర్చుకుంటే తిరుగులేదు

తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి లాంటి చోట పీజీ చేసేవాళ్లు, నర్సింగ్, ఫార్మసీ పిల్లలు దీనితో మొదలుపెట్టాలి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది. మూడున్నర కోట్లకు పైగా రికార్డులున్నాయి, వెతకడం పూర్తిగా ఉచితం.

స్కాలర్ మాటల్ని వెతుకుతుంది, పబ్‌మెడ్ విషయాన్ని వెతుకుతుంది. 'హార్ట్ ఎటాక్' అని కొట్టండి. అది తనంతట తాను 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అని కూడా చేర్చుకుంటుంది. దీని వెనక మెష్ అనే పదకోశం ఉంది. 1960 నుంచి ఉన్న పద్ధతి. రచయిత ఏ మాట వాడినా, పేపర్‌కు ఒకే ప్రామాణిక శీర్షిక తగిలిస్తారు. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతినడాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. 'డయాబెటిక్ నెఫ్రోపతీస్' అనే మెష్ పేరు పట్టుకుంటే వాళ్లందరూ ఒకచోటికి వస్తారు.

మీరు కొట్టిన మాటను అది ఎలా అర్థం చేసుకుందో 'అడ్వాన్స్‌డ్' పేజీలో హిస్టరీ కింద 'డీటెయిల్స్' విప్పి చూడండి. నేను ప్రతి కొత్త విద్యార్థి చేతా ఇది ఒకసారి చేయిస్తాను. మాటను కోట్స్‌లో పెట్టినా, చివర నక్షత్రం గుర్తు పెట్టినా ఆ అనువాదం ఆగిపోతుంది, మీరు కొట్టింది కొట్టినట్టే వెతుకుతుంది. ఆ సంగతి తెలియక, ప్రతి మాటకూ కోట్స్ పెట్టి ఫలితాలు తక్కువొచ్చాయని బాధపడేవాళ్లు ఎక్కువ.

తిరుపతి వాళ్లకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఊరి పేరు కొట్టి, వెంటనే చదరపు బ్రాకెట్లలో ఏ, డీ అనే రెండు అక్షరాలు పెట్టండి. రచయితల చిరునామాలో తిరుపతి ఉన్న పేపర్లు వస్తాయి. మీ అంశం మీద ఊళ్లోనే ఇప్పటికే పనిచేస్తున్నది ఎవరో తెలుస్తుంది. నడిచి వెళ్లి కలవగలిగినంత దూరంలో ఉన్నవాళ్లు దొరికిన సందర్భాలు నేను చూశాను.

ఎడమ పక్కన 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' అనే ఫిల్టర్ ఉంటుంది. చాలామంది మొదటే దాన్ని నొక్కేస్తారు. దయచేసి అలా చేయొద్దు. మీ ప్రశ్నకు అతి ముఖ్యమైన పేపర్ డబ్బు కట్టాల్సిన పత్రికలో ఉండొచ్చు, ఆ ఫిల్టర్‌తో అది ఉన్నట్టే మీకు తెలియదు. ముందు అన్నీ చూడండి, ఏవి కావాలో తేల్చుకోండి, సంపాదించే దారి తర్వాత.

## స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్

స్కోపస్ ఎల్సెవియర్‌ది, వెబ్ ఆఫ్ సైన్స్ క్లారివేట్‌ది. మీ సంస్థ చందా కడితేనే పూర్తిగా తెరుచుకుంటాయి. ఏ పత్రికను చేర్చాలో ఎంపిక చేసి చేరుస్తారు కాబట్టి చెత్త తక్కువ. రెండు మాటలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉండాలో కూడా చెప్పొచ్చు: స్కోపస్‌లో 'డబ్ల్యూ' పక్కన వాలు గీత (స్లాష్), దాని పక్కన అంకె, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 'నియర్' పక్కన వాలు గీత, అంకె. 'మ్యాంగో' అనే మాటకు మూడు పదాల లోపల 'పల్ప్' ఉండాలి అంటే మామిడి గుజ్జు పేపర్లే వస్తాయి, మామిడి ఒకచోట, కాగితపు గుజ్జు ఇంకోచోట ఉన్నవి రావు.

పీహెచ్‌డీలో లిటరేచర్ రివ్యూకు, రివ్యూ పేపర్‌కు ఇవి పెట్టుబడికి తగ్గ ఫలితం ఇస్తాయి. డిగ్రీ, పీజీ ప్రాజెక్టుకు ఇవి లేకపోయినా కొరత లేదు. భారతీయ భాషల పని, మానవీయ శాస్త్రాల పుస్తకాలు వీటిలో పలచగా ఉంటాయి. ఉంది కదా అని తెలుగు సాహిత్యం మీద స్కోపస్‌లో రోజులు గడిపితే వృథా.

## జేస్టోర్: చరిత్ర, సాహిత్యం వాళ్లకు

1995 నుంచి ఉంది, లాభాపేక్ష లేని సంస్థ. పత్రికలను మొదటి సంచిక నుంచి స్కాన్ చేసి పెట్టడం దీని ప్రత్యేకత. విజయనగర కాలపు ఆలయ దానాల మీద, తిరుమల శాసనాల మీద, దక్షిణాది వాగ్గేయకారుల మీద పనిచేసేవాళ్లు ఇందులో వారాలు గడపొచ్చు.

సంస్థ లాగిన్ లేకపోయినా దారుంది. ఈమెయిల్‌తో సొంత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాలు ఆన్‌లైన్లో ఉచితంగా చదవొచ్చు. డౌన్‌లోడ్ ఉండదు, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని రాసుకోవాలి. బాగా పాత పత్రికల్లో కొన్ని 2011 నుంచి ఖాతా లేకుండానే అందరికీ తెరిచే ఉన్నాయి.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. చాలా పత్రికల్లో గత మూడు నుంచి ఐదేళ్ల సంచికలు ఇక్కడ ఉండవు. నిన్నమొన్నటి చర్చ కావాలంటే స్కాలర్‌కు రావాలి. ఇంకొకటి, ఇది వ్యాసం లోపలి మాటలన్నీ వెతుకుతుంది కాబట్టి 'టెంపుల్' లాంటి మామూలు మాట కొడితే వరదలా వస్తాయి. శీర్షికలో మాత్రమే వెతకమని అడ్వాన్స్‌డ్ సెర్చిలో చెప్పి మొదలుపెట్టండి, తక్కువొస్తే అప్పుడు సడలించండి.

## శోధ్‌గంగ, కృషికోశ్: మన ఊరి పని ఉండేది ఇక్కడే

నన్నడిగితే తిరుపతి, చిత్తూరు అంశం మీద పనిచేసే ప్రతివాళ్లూ మొదటి వారంలోనే శోధ్‌గంగ చూడాలి. గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతుంది. పీహెచ్‌డీ థీసిస్ ప్రతిని ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నియమం పెట్టింది, ఇప్పుడు ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ 1954లో మొదలైంది, అన్ని దశాబ్దాల్లో రాయలసీమ మీద జరిగిన పని ఎంతుంటుందో ఊహించుకోండి.

కానీ దీని సెర్చి పెట్టె మీద ఆశ పెట్టుకోవద్దు. శీర్షికలు ఎవరు ఎక్కిస్తే వాళ్లకు తోచిన స్పెల్లింగులో ఉంటాయి. తెలుగు థీసిస్‌ల పేర్లు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో, కొన్ని ఇంగ్లీషు అనువాదంలో ఉంటాయి. అందుకే నేను ఇంకో దారి చూపిస్తాను. యూనివర్సిటీ పేరు నొక్కండి, డిపార్ట్‌మెంట్ నొక్కండి, వరుసగా శీర్షికలు చదవండి. గంట పడుతుంది. అల్మారా ముందు నిలబడి పుస్తకాల వీపులు చదువుతూ పోయినట్టే ఉంటుంది. వెతకాలని తోచనివి కూడా కంట్లో పడతాయి. గైడ్ పేరుతో కూడా చూడొచ్చు, ఒకే గైడ్ కింద వచ్చిన థీసిస్‌లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.

థీసిస్ తెరిస్తే అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా కనిపిస్తాయి. మొదట చివరిది, గ్రంథసూచి ఉన్నది తీయండి. మీకన్నా ముందు మూడు నాలుగేళ్లు కష్టపడిన మనిషి పోగేసిన జాబితా అది. అందులో పాత జిల్లా మాన్యువల్, దేవస్థానం అచ్చువేసిన శాసనాల సంపుటాలు, ఏ సూచికలోనూ లేని తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. అయితే థీసిస్‌లన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. అందులోని అంకెను నేరుగా ఎత్తి రాయకుండా, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మూలానికి వెళ్లండి.

వ్యవసాయం, పశువైద్యం వాళ్లకు కృషికోశ్ దీనికి చెల్లెలు లాంటిది. ఇక్కడ ఎమ్మెస్సీ, ఎంవీఎస్సీ థీసిస్‌లు కూడా ఉంటాయి, శోధ్‌గంగలో ఉండేవి పీహెచ్‌డీవి. పుంగనూరు పశువుల మీద, వేరుశనగ రకాల మీద మన కాలేజీల్లో జరిగిన ప్రయోగాల వివరాలు అంకెలతో సహా అక్కడ దొరుకుతాయి.

## లాగిన్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 పబ్లిషర్లకు చెందిన దాదాపు 13,000 పత్రికలు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, సేజ్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పత్రికలు అందులో ఉన్నాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివే పిల్లలకు కూడా ఇది హక్కుగా వచ్చింది. ఆ సంగతి తెలియని పిల్లలు రోజూ కనిపిస్తూనే ఉంటారు. మీ లైబ్రేరియన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: మన కాలేజీ నమోదైందా, ఇంటి నుంచి లాగిన్ ఎలా? క్యాంపస్ వైఫై మీద తెరుచుకున్న పేపర్ ఊరికి వెళ్లాక తెరుచుకోకపోతే లోపం పేపర్‌ది కాదు, బయటి నుంచి సంస్థ లాగిన్‌తో రావాలి.

ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు ఈ పథకం బయట ఉన్నారు. వాళ్లకు నేను చెప్పే జోడీ స్కాలర్, అన్‌పేవాల్. అన్‌పేవాల్ బ్రౌజర్‌లో చేర్చుకునే చిన్న ఉచిత సాధనం. చట్టబద్ధంగా ఉచిత ప్రతి ఉంటే పేజీ అంచున ఆకుపచ్చ తాళం చూపిస్తుంది. అదీ లేకపోతే రచయితకు మూడు వాక్యాల ఈమెయిల్ రాయండి: మీరెవరు, ఏం చేస్తున్నారు, ఏ పేపర్ కావాలి. చాలామంది సంతోషంగా పంపుతారు.

## మీరు ఎవరైతే ఏది

పీజీ ప్రాజెక్టు, చేతిలో రెండు వారాలే ఉన్నాయి: స్కాలర్ ఒక్కటి చాలు. ఒక మంచి రివ్యూ పేపర్ పట్టుకుని సైటెడ్ బై దారిలో ముందుకు, దాని గ్రంథసూచి దారిలో వెనక్కి వెళ్లండి.

వైద్య విద్యార్థి: పబ్‌మెడ్. థీసిస్ కోసమైతే స్కోపస్ కూడా, ఉంటే. ఒక్క డేటాబేస్‌తో రివ్యూ చేశానంటే పరీక్షించేవాళ్లు ఒప్పుకోరు.

చరిత్ర, తెలుగు: జేస్టోర్, శోధ్‌గంగ. సంస్కృతం వాళ్లు స్పెల్లింగుల కాగితం ఇంకా పొడుగ్గా తయారుచేసుకోవాలి. తాళపత్రాలు కావాలంటే ఎస్వీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు స్వయంగా వెళ్లాల్సిందే, ఈ డేటాబేస్‌లేవీ దానికి బదులు కావు.

వ్యవసాయం, వెటర్నరీ: కృషికోశ్‌తో మొదలుపెట్టి, దొరికిన శాస్త్రీయ నామాలతో స్కాలర్‌కో స్కోపస్‌కో వెళ్లండి. పశువుల జబ్బులైతే పబ్‌మెడ్ కూడా.

ఏ సంస్థలోనూ లేనివాళ్లు, విలేఖరులు, ఊరి చరిత్ర రాసుకుంటున్న రిటైర్డ్ మాస్టార్లు: స్కాలర్, శోధ్‌గంగ, జేస్టోర్ ఉచిత ఖాతా. ఈ మూడింటితో చాలా దూరం వెళ్లొచ్చు.

ఎవరికైనా ఒకేసారి రెండు మించి వద్దు. ఏడు తెరిచి ఏడింట్లోనూ మొదటి పేజీ చూసేవాళ్లకన్నా, ఒకదాంట్లో ఐదు రకాల మాటలతో వెతికినవాళ్లకే మంచి పేపర్లు దొరకడం చూశాను.

చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు పట్టుకొచ్చేవాళ్లు ఈమధ్య పెరిగారు. రచయిత పేరు, పత్రిక, సంవత్సరం అన్నీ సరిగ్గా కనిపిస్తాయి, వెతికితే అలాంటి పేపరే ఉండదు. డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొట్టి అసలు పేజీ తెరుచుకున్నాకే దాన్ని మీ జాబితాలో చేర్చండి.

వెతికిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాసిపెట్టుకోండి: తేదీ, డేటాబేస్, కొట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, వచ్చిన ఫలితాల సంఖ్య. పేపర్లను జోటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో దాచుకోండి, అది ఉచితం. గ్రంథసూచిని అదే తయారుచేస్తుంది. కొత్త మాటలతో వెతికినా మీ దగ్గరున్న పేపర్లే మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ ప్రశ్న వరకు వెతుకులాట ఆపొచ్చు. ఆ తర్వాత వచ్చేవాటి కోసం అలర్ట్ పెట్టుకుంటే కొత్తవి మెయిల్‌కు వస్తాయి. స్కాలర్‌లో ఎడమ పక్కన 'క్రియేట్ అలర్ట్' నొక్కి ఈమెయిల్ ఇస్తే సరిపోతుంది, పబ్‌మెడ్‌లో మాత్రం ముందు ఉచిత ఖాతా తెరవాలి.